ప్రేమలో, పెళ్ళిలో, పరిమళంలో పూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్ళిళ్ళకు పూలజడలు అల్లే ఇంట్లో పెరిగాను. అక్షరాల కంటే ముందు అరటినారతో మాల కట్టడం నేర్చుకున్నాను. జడ కుట్టించుకోవడానికి వచ్చే అమ్మాయిలు, వాళ్ళ తల్లులు, ఈ మధ్య పెళ్ళికొడుకులు కూడా ఇన్నేళ్ళుగా నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు, కొన్నింటికి కుదరదు.

ప్రేమ అనగానే మనకు మల్లెపువ్వే ఎందుకు గుర్తొస్తుంది?

అది పూసే వేళ వల్ల. మల్లెను తెల్లవారుజామున, ఇంకా గట్టి మొగ్గగా ఉన్నప్పుడే కోస్తారు. తీగ నుంచి వేరైనంత మాత్రాన ఆ మొగ్గ ప్రాణం పోదు. పగలంతా గంపలో తడిగుడ్డ కింద ఎదుగుతూనే ఉంటుంది, దీపాలు పెట్టే వేళకు విచ్చుకుంటుంది, రాత్రి ముదిరే కొద్దీ వాసన చిక్కబడుతుంది. చీకట్లో తిరిగే రెక్కల పురుగులను పిలవడానికి ప్రకృతి దానికిచ్చిన తెలుపు అది, పరిమళం అది. కోసిన తరువాత కూడా ఆ పిలుపు ఆపని పువ్వు కనుకనే ఉదయం మైలవరం తోటలో తెంపిన మొగ్గ రాత్రికి విజయవాడలో ఒకరి జడలో పూస్తుంది.

మనుషులకు కూడా పగలు పనిది, రాత్రి తమది. రోజంతా పదిమంది మధ్య మాట్లాడుకునే వీలు లేని ఉమ్మడి కుటుంబంలో భార్యాభర్తలకు దొరికే ఏకాంతం వేళా, మల్లె విచ్చే వేళా ఒకటే. మల్లె అర్థమంతా ఆ కలయికలోనే ఉందని నా నమ్మకం. మా తాతయ్య నోట ప్రేమ అనే మాట ఎవరూ వినలేదు. వేసవి వస్తే మాత్రం బాదం ఆకులో కట్టించిన పొట్లం ఒకటి రోజూ ఆయన వెంట ఇంటికి వచ్చేది. ఆ పొట్లాన్ని కిటికీ గూట్లో పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళేవాడు. అమ్మమ్మ కూడా ఏమీ అనేది కాదు. భోజనాలయ్యాక చూస్తే ఆ పూలు ఆమె సిగలో ఉండేవి.

రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ 2018లో మల్లెను రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. అంతకంటే ముందే అది ప్రతి ఇంటి పువ్వు.

ఎర్ర గులాబీ అంటే ప్రేమ, పసుపు గులాబీ అంటే అసూయ అంటారు. నిజమేనా?

రంగుకొక అర్థం రాసిన ఆ పట్టిక మనది కాదు. ఇంగ్లండుకు చెందిన మేరీ మాంటేగ్యూ 1718లో ఇస్తాంబుల్ నుంచి రాసిన ఉత్తరంలో, అక్కడి స్త్రీలు పూలు, పండ్లు, దారపు పోగులు పంపుకుంటూ మాటలు లేకుండా కబురు చెప్పుకుంటారని వర్ణించింది. ఆ ముచ్చట యూరప్‌కు బాగా నచ్చింది. 1819లో షార్లెట్ ద లాటూర్ అనే కలం పేరుతో పూలభాష మీద పారిస్‌లో ఒక పుస్తకం వచ్చింది. తరువాత విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో అలాంటి నిఘంటువులు ఇంటింటా చేరాయి. పసుపు గులాబీకి అసూయ అనే అర్థం ఆ పుస్తకాలది.

మనకు పసుపు శుభానికి మొదటి గుర్తు. గడపకు, తాళికి, తలంబ్రాలకు పూసే రంగు అది. అందువల్ల మీ అబ్బాయి పసుపు గులాబీలు తెచ్చాడని ఎవరైనా మొహం ముడుచుకుంటే, అరువు తెచ్చుకున్న నిఘంటువును పక్కన పెట్టమని నా మాటగా చెప్పండి. మన పూలభాషలో రంగుకు చోటు తక్కువ. ఎప్పుడు పూస్తుంది, ఎలా పరిమళిస్తుంది, ఎవరి చేతి నుంచి ఎవరి తలలోకి చేరింది అన్నవే మనకు ముఖ్యం.

మన్మథుడి పూలబాణాలు ఏవి?

ఐదు. తామర, అశోకం, మామిడిపూత, నవమల్లిక, నల్లకలువ. విల్లు చెరకుగడ, నారి తుమ్మెదల బారు. వీటిలో మామిడిపూత ఉందని చాలామందికి తెలియదు. వసంతంలో మామిడి తోపు పక్కన ఒక సాయంత్రం నిలబడితే దానికి ఆ చోటు ఎందుకిచ్చారో తెలుస్తుంది.

అశోకం దగ్గర ఒక పొరపాటు జరుగుతోంది. పాఠశాలల్లో, కార్యాలయాల ముందు స్తంభాల్లా నిటారుగా పెరిగే చెట్టును అశోకం అని పిలుస్తున్నాం. అది నరమామిడి, దాని పువ్వులు ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోతాయి. మన్మథుడి అశోకం వేరు. అది గుత్తులు గుత్తులుగా, నారింజ రంగులో పూసి ఎర్రబారుతుంది. అందెలు కట్టిన స్త్రీ పాదం తాకితే అశోకం పూస్తుందనీ, స్త్రీ పుక్కిట పట్టిన మద్యం చల్లితే పొగడ పూస్తుందనీ కవులు చెప్పుకున్నారు. దీన్నే దోహదం అంటారు. మనిషి స్పర్శ కోసం చెట్టు ఎదురుచూస్తుందనే ఊహ ఎంత కాలం కిందటిదైనా నాకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది.

సత్యభామ ఒక్క పువ్వు కోసం అంత అలిగిందా?

పువ్వు కోసం అయితే అలిగేది కాదు. నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడు. పదహారో శతాబ్దపు కవి నంది తిమ్మన ఈ కథనే ప్రబంధంగా మలిచాడు. అందులో బతిమాలుతూ కాళ్ళ మీద పడిన కృష్ణుడి తలను సత్య ఎడమ కాలితో తోసేస్తుంది. ఆ తరువాత ఆయన చెట్టునే పెకలించి తెచ్చి ఆమె పెరట్లో నాటుతాడు. చెట్టు సత్య వాకిట్లో ఉన్నా పూలు మాత్రం పక్కనున్న రుక్మిణి వాకిట్లో రాలిపడేవని మన పెద్దవాళ్ళు కథను ఇంకాస్త పొడిగించి చెబుతారు.

ఇద్దరున్న ఇంట్లో ఒకరికే పువ్వు ఇవ్వడమంటే నిలువునా ఒక తీర్పు చెప్పడమే. ఇంటికి పూలు తెచ్చే మగవాళ్ళందరికీ నేను చెప్పేది అదే: అమ్మకు, భార్యకు, చెల్లెలికి వేరువేరు మూరలు తీసుకోండి. ఒకటే పెద్ద దండ తెచ్చి పంచుకోమనకండి.

పారిజాతానికి ఇంకో విశేషం ఉంది. రాత్రి పూసి తెల్లవారేసరికి తనంతట తాను రాలుతుంది. మామూలుగా నేల రాలిన పువ్వు దేవుడికి పనికిరాదంటారు. దీనికి మాత్రం మినహాయింపు ఉంది.

పెళ్ళిలో ఏ పువ్వుకు ఏ చోటు?

గుమ్మం దగ్గర మామిడాకుల తోరణం, అరటి బోదెలు, వాటి మధ్య బంతిపూలు. నుదుటి మీద బాసికం. పెళ్ళికూతురి వెనక పూలజడ. దండలు మార్చుకునే వేళకు గులాబీలో, లిల్లీలో, కదంబమో. కదంబం అంటే మల్లె, కనకాంబరం, మరువం, దవనం కలిపి కట్టిన దండ. నాకు అన్నింటికంటే ఇష్టమైనది అదే. మల్లెకు వాసన ఉంది, రంగు లేదు. కనకాంబరానికి రంగు ఉంది, వాసన లేదు. మరువం పువ్వే కాదు, ఆకు. ఒకదానికి లేనిదాన్ని ఇంకొకటి ఇస్తుంది. పెళ్ళి దండగా కదంబం కంటే తగినది నాకు తోచలేదు.

పెళ్ళి అయ్యాక ఒకప్పుడు పూలచెండ్లాట ఆడించేవారు. పెళ్ళి ఐదు రోజులు సాగిన కాలంలో వధూవరులు ఎదురెదురుగా కూర్చుని పూలబంతులు విసురుకుంటూ, చుట్టూ ముత్తైదువలు పాడుతూ ఉండేవారు. అప్పటి వరకు ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోని ఇద్దరికి అది మొదటి పరిచయం. విసరాలంటే తలెత్తి చూడాలి కదా. ఇప్పుడు ఫొటోల హడావిడిలో ఈ ఆటను వదిలేస్తున్నారు. అరగంట పడుతుంది, దయచేసి ఆడించండి. చెండు మరీ బిగించి కట్టవద్దు, తగిలితే నొప్పి పుడుతుంది.

తలంబ్రాల బియ్యంలో తెల్లని ప్లాస్టిక్ గుళికలు కలపడం నాకు ఏమాత్రం నచ్చదు. గులాబీ రేకులు చాలు.

బంతి, చేమంతి లేకుండా సంప్రదాయ పెళ్ళి కుదురుతుందా?

నిక్షేపంగా కుదురుతుంది. బంతి పుట్టిల్లు మెక్సికో. యూరప్‌వాళ్ళ సముద్ర వ్యాపారం మొదలయ్యాక మన నేలకు వచ్చింది. మనం లిల్లీ అనో, నేల సంపెంగ అనో పిలిచే పువ్వు కూడా అక్కడిదే. చేమంతి మూలాలు చైనాలో ఉన్నాయి. వచ్చినవాళ్ళందరినీ చుట్టాలుగా కలుపుకోవడం మన పెళ్ళిళ్ళకు అలవాటే కనుక వాటిని మానమని అనను. అయితే బంతిపూలు దొరకలేదని పెళ్ళి ముందురోజు కంగారు పడే తల్లులకు ఈ సంగతి కొంత ఊరట.

తెల్లని పూలు పెళ్ళికి అశుభమా?

కాదు. పెళ్ళికూతురు కట్టే మధుపర్కాలే తెల్లని నూలు చీర. దానికి ఎర్రంచు ఉంటుంది, పసుపు తగులుతుంది. మల్లె కూడా అంతే. ఆ పక్కన కనకాంబరం ఒక్క వరస చేరిస్తే పెద్దవాళ్ళ మనసు కూడా నిమ్మళిస్తుంది.

పూలజడకు ఏ మొగ్గలు తీసుకోవాలి? ముహూర్తం తెల్లవారుజామున ఉంటే?

పూలజడలో అరటిపట్ట మీద మొగ్గలను సూదితో వరసలు వరసలుగా కుడతాం. విచ్చిన పువ్వు కుట్టుకు నిలవదు, అందుకని ఆ ఉదయం కోసిన గట్టి మొగ్గలే కావాలి. ముహూర్తం రాత్రి తొమ్మిదికో పదికో ఉంటే మల్లెజడకు అంతకంటే మంచి వేళ లేదు. మొగ్గలు జడలోనే విచ్చుకుంటాయి, పీటల మీద కూర్చున్నప్పుడు మండపమంతా ఆ వాసన తెలుస్తుంది.

తెల్లవారుజామున నాలుగింటికి ముహూర్తమైతే ముందురోజు మొగ్గలు అప్పటికే పూసి అలసిపోయి, అంచులు గోధుమ రంగుకు తిరుగుతుంటాయి. అలాంటప్పుడు చేమంతి, కనకాంబరం ఎక్కువగా పెట్టి, మల్లెను జడ పైభాగంలో చిన్న చుట్టుగా మాత్రమే పెట్టుకోమంటాను. తీరా కట్టిన జడ మీద నీళ్ళు కుమ్మరించవద్దు, మొగ్గలు మచ్చలు పడతాయి. తడి బట్టలో చుట్టి చల్లని చోట ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే పండిన అరటి, యాపిల్ పక్కన మాత్రం పెట్టకండి. పండ్ల నుంచి వచ్చే వాయువు పూలను త్వరగా వాడేలా చేస్తుంది.

గన్నేరు పూలతో భోజనం పళ్ళాలు అలంకరించే పద్ధతి ఒకటి రెండు పెళ్ళిళ్ళలో చూశాను. గన్నేరులో వేరు నుంచి పువ్వు దాకా అంతా విషమే. భోజనాల దగ్గరకు దాన్ని రానివ్వకండి.

భర్త పోయిన స్త్రీ పూలు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. పెట్టుకోవాలి కూడా, ఆమెకు ఇష్టమైతే. తాళి, మెట్టెలు పెళ్ళితో వచ్చాయి. పువ్వు అలా రాలేదు. ఉయ్యాల్లో ఉన్నప్పుడే, జుట్టు పిలకకు అందకముందే అమ్మ పెట్టిన పువ్వు అది. పెళ్ళి ఇవ్వనిదాన్ని వైధవ్యం ఎలా తీసుకుంటుంది?

కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తాను పూనుకున్న తొలి వితంతు వివాహం జరిపించారు. నూట నలభై ఏళ్ళు దాటిపోయింది. అయినా నా దగ్గరికి వచ్చే పెళ్ళివారిలో పెళ్ళికూతురి తల్లి ఒక పక్కకు ఒదిగి, పూలబుట్ట తన ముందుకు రాగానే చేయి వెనక్కి తీసుకోవడం ఇప్పటికీ చూస్తున్నాను. కన్నతల్లి సొంత బిడ్డ పెళ్ళిలో అలా నిలబడటం చూడలేను. అందుకే జడతో పాటు ఒక మూర మల్లెలు విడిగా పొట్లం కట్టి, అమ్మ తలలో నువ్వే పెట్టు తల్లీ అని పెళ్ళికూతురి చేతికిస్తాను. చాలామంది పెడుతున్నారు.

సంపెంగను తుమ్మెద ముట్టదంటారు, ఎందుకు?

అది కవుల మాట. అన్ని పూలనూ చుట్టే తుమ్మెద తనను మాత్రం ఒల్లదని సంపెంగ బాధపడి తపస్సు చేసి, మరుజన్మలో అందగత్తె ముక్కుగా పుట్టి, కళ్ళనే తుమ్మెదలను రెండు పక్కలా కాపలా పెట్టుకుందని రామరాజభూషణుడి వసుచరిత్రలో ఒక పద్యం ఉంది. ఆ పద్యం అసలు నంది తిమ్మనదేననీ, ముక్కు తిమ్మన అనే పేరు అందువల్లే వచ్చిందనీ లోకంలో ఒక కథ. వాసన ఘాటుగా ఉండటం వల్ల ఈ ఊహ పుట్టి ఉంటుంది. సంపెంగ ఒక్కటి చాలు, రెండో పువ్వు పెడితే కొందరికి తలనొప్పి వస్తుంది.

మొగలిపువ్వు జడలో పెడతాం కానీ శివుడికి పెట్టం. కారణం?

ఆది అంతం లేని జ్యోతిర్లింగం కొన చూశానని బ్రహ్మ అబద్ధమాడాడు, మొగలిపువ్వు దానికి సాక్ష్యం చెప్పింది, శివుడు దాన్ని పూజ నుంచి వెలివేశాడు. పురాణం చెప్పేది ఇదే. దేవుడు వద్దన్న పువ్వును ఆడవాళ్ళు తీసుకుని జడలో రేకులుగా మడిచి పెట్టుకున్నారు. పొదల్లో పాములుంటాయని భయపెట్టినా మానలేదు.

పరిమళం మగపూల గెలలోనే ఉంటుంది. దేశంలో మొగలి అత్తరుకు పేరుపడ్డ చోటు ఒడిశాలోని గంజాం జిల్లా. బరంపురం చుట్టూ తెలుగువాళ్ళు తరతరాలుగా ఉన్న ప్రాంతం అది. వానాకాలంలో సముద్రతీరపు పొదల నుంచి గెలలు కోసి, అక్కడికక్కడే రాగి పాత్రల్లో బట్టీ పడతారు. గంజాం కేవడా రూహ్ అనే అక్కడి మొగలి సారానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. హైదరాబాదు బిర్యానీలో, మిఠాయిల్లో కేవడా నీళ్ళ పేరుతో చల్లేది ఈ మొగలినే.

అత్తరు, రూహ్, సెంటు: వీటికి తేడా ఏమిటి?

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు తీసే తీరు చెబితే తేడా దానంతట అదే తెలుస్తుంది. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పూలు, నీళ్ళు పోసి మూతను మట్టితో మెత్తుతారు. కింద కట్టెల మంట. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే ఇంకో పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్ర నీళ్ళ తొట్టిలో చల్లగా ఉంటుంది, దాని అడుగున ముందే పోసిన చందనతైలం ఉంటుంది. ఆవిరి చల్లబడి నీరవుతుంది, పూల వాసన తైలంలోకి చేరుతుంది. నీటిని తీసేసి, మళ్ళీ కొత్త పూలు వేసి, అదే తైలంలోకి రోజుల తరబడి ఇలా నింపుతూ పోతారు. మంట ఎంత ఉండాలో చెప్పే యంత్రం లేదు. పాత్ర మీద చేయి పెట్టి, చప్పుడు విని పనివాడు కనిపెడతాడు.

అలా చందనంలోకి దింపినది అత్తరు. చందనం లేకుండా పువ్వు సారాన్ని మాత్రమే పట్టినది రూహ్, అంటే ఆత్మ. దాని ధర కూడా అలాగే ఉంటుంది. సెంటు అంటే సుగంధాలను, ఎక్కువగా ప్రయోగశాలలో తయారైనవాటిని, ఆల్కహాలులో కలిపినది. పువ్వు వెంట నారకూ వాసన అబ్బుతుందంటారు, అత్తరులో చందనానికి జరిగేది అదే. కాకపోతే చందనం నారలా ఊరికే ఉండదు, త్వరగా ఆవిరైపోయే గులాబీని పట్టి నిలుపుతుంది.

చందనం ధర పెరిగాక చాలా అత్తర్లలో లిక్విడ్ పారాఫిన్ వాడుతున్నారు. చార్మినార్ దగ్గరైనా, మరెక్కడైనా కొనేటప్పుడు ఏ తైలంలో దింపారో తప్పక అడగండి. మణికట్టు మీద ఒక చుక్క రాయించుకుని, అరగంట బజారులో తిరిగి వచ్చి, అప్పుడు వాసన చూసి కొనండి. సీసా మూత దగ్గర చూసి కొన్నవాళ్ళే మోసపోతారు.

మల్లె సెంటు ఎంత ఖరీదైనదైనా మల్లెదండలా ఎందుకు ఉండదు?

ఇందాక చెప్పినట్లు, మల్లె తాజాగా వాసనను తయారుచేస్తూనే ఉంటుంది. సాయంత్రం ఏడింటి మల్లె, అర్ధరాత్రి మల్లె ఒకటి కావు. సీసాలో ఉన్నది ఒకానొక క్షణపు మల్లె మాత్రమే. ఆవిరి వేడి మల్లె, జాజుల సున్నితమైన వాసనను పాడుచేస్తుంది. అందువల్ల హెక్సేన్ అనే ద్రావకంలో పూలను నానబెట్టి, ద్రావకాన్ని ఆవిరి చేసి, మిగిలిన మైనపు ముద్దను ఆల్కహాలుతో కడిగి సారం తీస్తారు. ఒక కిలో జాజి సారానికి సుమారు 700 కిలోలకు పైగా పూలు కావాలి. తమిళనాడులో ఇలా తీసిన మల్లె, జాజి సారం ప్రపంచమంతటి పరిమళ తయారీదార్లకు చేరుతుంది. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణపు జాజి 1921లో వచ్చిన షనెల్ నంబర్ 5 అనే సెంటుకు పేరు తెచ్చింది.

మల్లెజాతి వాసనలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. విడిగా ఎక్కువ మోతాదులో చూస్తే అది దుర్గంధం. చిటికెడు ఉంటేనే మల్లెకు ఆ లోతు, ఆ మత్తు వస్తాయి. చౌక సెంట్లు దీన్ని తీసేసి తీపిని మాత్రమే ఉంచుతాయి, అందుకే అవి సబ్బులా అనిపిస్తాయి.

ఇంకో మాట. దండ వాసనలో మల్లె ఒక్కటే లేదు. తడి అరటినార, పొట్లం కట్టిన ఆకు, జుట్టుకు రాసిన కొబ్బరినూనె, రోజంతా పనిచేసిన మనిషి వెచ్చదనం అన్నీ కలిసి ఉన్నాయి. వాటిని ఎవరూ సీసాలోకి దింపలేదు.

పెళ్ళివారి మీద పన్నీరు ఎందుకు చల్లుతారు?

ఎండన పడి వచ్చినవాళ్ళను చల్లబరచడానికి. గులాబీ అత్తరు తీసేటప్పుడు వేరుపడే నీరే పన్నీరు. వెండి పన్నీరుబుడ్డి పట్టుకుని గుమ్మంలో ఒక చిన్నపిల్లను నిలబెట్టండి. ఫ్యాను గాలికి వాసన కొట్టే యంత్రాలు ఆ పని చేయలేవు.

విదేశంలో పెళ్ళి. ఇక్కడి నుంచి మల్లెలు తీసుకువెళ్ళవచ్చా?

ఆ దేశపు నిబంధనలు చూడకుండా తలలో పెట్టుకుని కూడా దిగవద్దు. 2025లో ఓణం వేడుకకు మెల్‌బోర్న్ వెళ్ళిన ఒక మలయాళ నటికి, మూరెడు కూడా లేని మల్లెదండకు 1,980 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. పూలతో పాటు పురుగు, తెగులు వస్తాయన్న భయం వాళ్ళది, అందులో న్యాయం ఉంది. అక్కడి భారతీయ దుకాణాల్లో ముందుగా చెప్పి తెప్పించుకోండి. అదీ దొరక్కపోతే ఆ నేల మీద పూసే తెల్లని పువ్వు ఏదైనా సరే, మీ చేత్తో మాల కట్టండి. ప్లాస్టిక్ మల్లెలు మాత్రం వద్దు.

పెళ్ళినాటి పూలను దాచుకోవడానికి వీలుందా?

మల్లెకు వీలు లేదు. పుస్తకంలో పెట్టినా, అద్దంలో బిగించినా గోధుమ రంగు కాగితమే మిగులుతుంది. అలా దాచుకోవాలనుకునేవాళ్ళకు నేను పొగడ పూలు చెబుతాను. నక్షత్రం లాంటి చిన్న పువ్వు, మధ్యలో రంధ్రం, సూది అవసరం లేకుండా దారం దూరిపోతుంది. తెల్లవారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటాయి, ఏరుకోవడమే. ఎండిన కొద్దీ రంగు పోతుంది కానీ వాసన పోదు. పెళ్ళికి ముందురోజు ఒక చిన్న దండ గుచ్చి, మధుపర్కాల చీర మడతలో పెట్టండి. బీరువా తెరిచినప్పుడల్లా వాసన పలకరిస్తుంది. ఏడాదికోసారి పాత దండ తీసి కొత్తది పెట్టుకోవచ్చు, చెట్టు వీధి చివర ఉంటే చాలు.